దేవుని సేవ, ఇల్లు, ఆరోగ్యం - మూడూ నిలబడాలంటే



ఈ చిన్న పుస్తకం మీ చేతికి వచ్చిందంటే మీ ఇంటివారెవరో ఇక్కడ మంచం మీద ఉన్నారని అర్థం. మీలో కొందరు పాస్టరుగారి కుటుంబం వారు. కొందరు సండేస్కూలు టీచర్లు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజంలో పనిచేసేవారు. కొందరు క్రైస్తవులు కాకపోయినా నెలల తరబడి ఇంట్లో రోగికి సేవ చేసి అలసిపోయినవారు. ఇతరుల కోసం పనిచేస్తూ తమ శరీరాన్ని, తమ ఇంటిని మర్చిపోయే వారందరికీ ఉపయోగపడుతుందని ఈ మాటలు రాస్తున్నాను.

కొంతకాలం క్రితం మగవారి వార్డులో ఒక పాస్టరుగారు చేరారు. వయసు యాభై దాటింది. పదేళ్ళుగా షుగరు ఉంది. కాలి వేలికి చిన్న పుండు పడితే నెలన్నర ఓర్చుకున్నారు. మేము కట్టు విప్పేసరికి రెండు వేళ్ళు నల్లబడి ఉన్నాయి. వాటిని తీసివేయక తప్పలేదు. పాస్టరమ్మగారు పక్కన నిలబడి కన్నీళ్ళు తుడుచుకుంటూ, "నెల నుంచి చెబుతూనే ఉన్నానమ్మా. ఈ ఆదివారం అయ్యాక వెళ్దాం అన్నారు. తర్వాత మూడు రోజుల కూడికలు అయ్యాక అన్నారు. తర్వాత ఎవరిదో పెళ్ళి అన్నారు" అని చెప్పారు. ఆపరేషన్ అయిన మూడో రోజు నేను డ్రెస్సింగ్ చేస్తుంటే ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "సిస్టరమ్మా, ఆదివారానికి పంపించేస్తారా?" అని.

ఆయన మంచి మనిషి. సోమరితనం వల్లో నిర్లక్ష్యం వల్లో ఈ పరిస్థితి తెచ్చుకున్నవారు కాదు. అందరి అవసరాలూ చూశారు, తన కాలిని మాత్రం చూసుకోలేదు. ఇలాంటివారిని మేము ప్రతి సంవత్సరం చూస్తూనే ఉంటాం.

నాకు జరిగిన సంగతి

పాస్టరుగారి గురించి చెప్పి నా గురించి దాచుకోవడం న్యాయం కాదు. కొన్నేళ్ళ క్రితం, నేను వేరే చోట పనిచేస్తున్న రోజుల్లో, తోటి నర్సుకు జబ్బు చేసిందని ఆమె నైట్ డ్యూటీలు కూడా నేనే అడిగి తీసుకున్నాను. ఉదయం వార్డు ప్రార్థన నాదే. సాయంత్రం స్త్రీల కూడికలో వాక్యం నాదే. ఎవరూ బలవంతం చేయలేదు. "దేవుడే బలమిస్తాడు" అని నాకు నేనే చెప్పుకున్నాను. వారంలో ఏ రోజూ ఐదు గంటలకు మించి నిద్రపోలేదు. మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు ఏ రోజు మొదలవుతాయో కూడా నాకు తెలియలేదు.

ఒక తెల్లవారుజామున ఇన్సులిన్ సిరంజి పట్టుకొని ఒక మంచం దగ్గరకు వెళ్ళాను. రోగి చెయ్యి తుడిచాను. పక్కన నేల మీద పడుకున్న ఆయన భార్య లేచి, "సిస్టరుగారూ, మా ఆయనకు షుగరు లేదు కదండీ" అంది. కేస్ షీటు చూశాను. ఆ ఇంజెక్షన్ రెండు మంచాల అవతల ఉన్న వ్యక్తిది. షుగరు లేని మనిషికి ఇన్సులిన్ ఇస్తే రక్తంలో షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఆ తల్లి మెలకువగా ఉండబట్టి ఆ రోజు ఆయన బ్రతికారు, నేనూ బ్రతికాను.

వెంటనే వెళ్ళి మా ఇన్‌ఛార్జి సిస్టరుగారికి జరిగింది చెప్పాను. ఆమె నన్ను కోప్పడలేదు. "ముందు వెళ్ళి నిద్రపో. రెండు రోజులు వార్డులోకి రావద్దు" అన్నారు. అప్పుడు నాకు అవమానంగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, నేను సేవ అనుకున్నది ఆ రోజు ఒక రోగికి ప్రమాదంగా మారిందని అర్థమయింది. నిద్ర మానుకొని చేసిన పనికి దేవుడు లెక్క రాసుకుంటాడని అంతకుముందు అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి అలా అనుకోవడం లేదు.

ఒక మాట. మీ రోగికి మందు ఇచ్చేటప్పుడు "ఇది ఏ మందండీ, మా వారిదేనా" అని నర్సును అడగడానికి మొహమాటపడవద్దు. మేము తప్పుగా అనుకోము.

అలసట వేరు, లోపల ఎండిపోవడం వేరు

రోజంతా పనిచేస్తే ఎవరికైనా అలసట వస్తుంది. రాత్రి బాగా నిద్రపోతే, ఒక రోజు విశ్రాంతి తీసుకుంటే అది పోతుంది. కానీ నెలలు, సంవత్సరాలు విశ్రాంతి లేకుండా పనిచేసినవారికి వచ్చే స్థితి వేరు. దీన్ని ఇంగ్లీషులో బర్నౌట్ అంటారు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త ఈ మాటను ఈ అర్థంలో వాడి వ్యాసం రాశారు. ఇతరులకు సేవ చేసే కేంద్రాలలో ఎంతో ఉత్సాహంగా చేరినవారే కొంతకాలానికి నూనె అయిపోయిన దీపంలా అవడం ఆయన చూశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలులోకి వచ్చిన తన జబ్బుల పట్టికలో దీన్ని చేర్చింది. అయితే జబ్బుగా కాదు, పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. దీనికి మూడు గుర్తులు చెప్పింది.

1. శక్తి పూర్తిగా అయిపోయినట్లు ఉండడం.
2. చేసే పని మీద విసుగు, దూరం, చులకన భావం కలగడం.
3. "నేను చేసేదాని వల్ల ఏ ప్రయోజనమూ లేదు" అనిపించడం.

సేవలో ఉన్నవారి ఇళ్ళలో ఇవి ఎలా కనబడతాయో చెబుతాను. ఫోను మోగితే గుండె దడదడలాడుతుంది. ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటుంటే లోపల "మళ్ళీ వచ్చారు" అనిపిస్తుంది. బోధించడానికి బైబిలు తెరుస్తారు గాని తమ కోసం చదువుకోవడం ఆగిపోతుంది. సంఘంలో నవ్వుతూ మాట్లాడిన మనిషి ఇంటికి రాగానే పిల్లల మీద కేకలు వేస్తారు. రాత్రి పడుకుంటే నిద్ర రాదు, పొద్దున లేవబుద్ధి కాదు. తలనొప్పి, నడుం నొప్పి, కడుపులో మంట తరచుగా వస్తుంటాయి. ఇవి ముందుగా కనిపెట్టేది ఆ వ్యక్తి కాదు, ఇంట్లోవారే. అందుకే ఈ వ్యాసం మీకోసం రాస్తున్నాను.

శరీరానికి జరిగే నష్టం

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక పరిశీలన ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు లేక అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ప్రమాదం సుమారు 35 శాతం, గుండెకు రక్తం అందని జబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువని తేలింది.

మన పాస్టరుగారి వారం ఒకసారి లెక్కపెట్టండి. ఆదివారం రెండు మూడు ఊళ్ళలో ఆరాధన. మంగళవారం స్త్రీల కూడిక. శుక్రవారం ఉపవాస ప్రార్థన. మిగిలిన సాయంత్రాలు గృహ కూడికలు. మధ్యలో ఆసుపత్రి దర్శనాలు, పెళ్ళిళ్ళు, గృహ ప్రతిష్ఠలు, పుట్టినరోజు ప్రార్థనలు, భూస్థాపన కార్యక్రమాలు. నెలకొకసారి రాత్రంతా ప్రార్థన. మరుసటి ఉదయం నిద్రకళ్ళతో బండి మీద ఇరవై కిలోమీటర్లు. ఇవన్నీ కలిపితే 55 గంటలు దాటడం కష్టమేమీ కాదు.

దీనికి తోడు భోజనం. దర్శనానికి వెళ్ళిన ప్రతి ఇంట్లో ప్రేమతో చక్కెర వేసిన టీ ఇస్తారు. ఆరు ఇళ్ళకు వెళితే ఆరు టీలు. విందులో "అయ్యగారికి ఇంకో ముక్క వేయండి, ఇంకో స్వీటు పెట్టండి" అంటారు. వద్దంటే వారు నొచ్చుకుంటారని అయ్యగారు తినేస్తారు. రాత్రి పదకొండు గంటలకు ఇంటికి వచ్చి మళ్ళీ భార్యతో కలిసి భోజనం. వ్యాయామానికి సమయం ఉండదు. నలభై ఏళ్ళు దాటేసరికి బి.పి., షుగరు రెండూ రావచ్చు. బి.పి. ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. అందుకే పరీక్ష చేయించుకోవాలి. పలుమార్లు చూసినా 140/90 లేక అంతకు మించి ఉంటే డాక్టరుగారిని కలవాలి.

పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గితే బి.పి., షుగరు అదుపు తప్పుతాయి. కోపం పెరుగుతుంది. మతిమరుపు వస్తుంది. నాలాగా సిరంజి పట్టుకొని తప్పు మంచం దగ్గరకు కూడా వెళ్తాము.

"విశ్రాంతి తీసుకుంటే విశ్వాసం తక్కువేమో" అనేవారికి

సేవలో ఉన్నవారు ఆగకపోవడానికి కారణం పని ఎక్కువ కావడం ఒక్కటే కాదు. ఆగితే తప్పు చేసినట్లు అనిపిస్తుంది. "ప్రభువు మనకోసం ప్రాణం పెట్టాడు, నేను ఒక పూట పడుకుంటే ఎలా" అనుకుంటారు. సంఘం ఏమనుకుంటుందో అని భయం కూడా ఉంటుంది. అయితే లేఖనం ఏమి చూపిస్తుందో గమనించండి.

ఏలీయా గొప్ప ప్రవక్త. కర్మెలు కొండ మీద అంత విజయం చూసిన తర్వాత అరణ్యంలో ఒక చెట్టు క్రింద కూర్చొని ఇక చావు వస్తే బాగుండునని కోరుకున్నాడు (1 రాజులు 19). దేవుడు ఆయనను గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి లేపి భోజనం, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి మళ్ళీ భోజనం పెట్టాడు. ఆయనతో మాట్లాడడం, కొత్త పని అప్పగించడం ఆ తర్వాతే జరిగింది. ఒక నర్సుగా ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. మేమూ వార్డులో చేసేది ఆ క్రమంలోనే.

మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చొని ప్రజలకు న్యాయం తీర్చేవాడు. అది చూసిన మామగారైన యిత్రో, ఇలా చేస్తే నీవూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారని చెప్పాడు (నిర్గమకాండము 18). వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్క అధిపతిని పెట్టమన్నాడు. మోషే కోప్పడక మామగారి మాట విన్నాడు. ఇంటివారి కంటికి కనబడేది సేవకుని కంటికి కనబడకపోవచ్చని దీనివల్ల మనం నేర్చుకోవచ్చు.

యేసుప్రభువు శిష్యులు తినడానికి కూడా తీరిక లేకుండా ఉన్నప్పుడు, జనానికి దూరంగా వెళ్ళి కొంచెం అలసట తీర్చుకోమని వారిని పిలిచాడు (మార్కు 6). అయితే అక్కడికి కూడా జనం వచ్చేశారు. ప్రభువు వారి మీద కనికరపడి బోధించాడు, భోజనం పెట్టించాడు. అంటే విశ్రాంతికి అడ్డం వచ్చే అవసరాలు ఉంటాయి, వాటిని త్రోసివేయలేని సమయాలూ ఉంటాయి. కానీ ఆ అధ్యాయం అక్కడితో అయిపోలేదు. పని కాగానే శిష్యులను దోనె ఎక్కించి, జనాన్ని పంపివేసి, ఆయన ఒంటరిగా కొండకు వెళ్ళాడు. వాయిదా పడిన విశ్రాంతిని ఆయన వదిలిపెట్టలేదు. మనం వదిలిపెట్టేస్తాం.

ఇంటి మీద పడే భారం

మన దేశంలో మిషనరీ సేవ అనగానే విలియం కేరీ పేరు చెప్పుకుంటాం. ఆయన 1793లో ఇండియాకు వచ్చారు. 1814లో తెలుగు భాషకు వ్యాకరణం కూడా అచ్చువేయించారు. ఆయన చేసిన మేలు ఎంతో గొప్పది. కానీ ఆయన భార్య డోరతిగారి సంగతి మన సంఘాలలో ఎక్కువగా చెప్పుకోము. ఆమె మొదట ఇంగ్లండు వదిలి రావడానికి ఇష్టపడలేదు. వచ్చిన మరుసటి సంవత్సరమే, 1794లో, వారి కుమారుడు పీటరు జబ్బుచేసి చనిపోయాడు. ఆ తర్వాత ఆమెకు మతిస్థిమితం తప్పింది. 1807లో చనిపోయేవరకు ఆమె బాగుపడలేదు. ఆ సంవత్సరాలన్నీ కేరీగారి అనువాద పని అదే ఇంట్లో సాగింది. ఆ రోజుల్లో మానసిక రోగానికి సరైన వైద్యం లేదు కాబట్టి నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. కానీ ఈ రోజు మనకు వైద్యం ఉంది. సేవకుని భార్య మౌనంగా బాధపడుతుంటే అది చూడవలసిన బాధ్యత కూడా ఉంది.

తర్వాత కాలంలో వచ్చిన మిషనరీలు కొంత నేర్చుకున్నారు. 1845లో మదురై ప్రాంతపు అమెరికన్ మిషన్ వారు ఎండ, జ్వరాల నుంచి తప్పించుకోవడానికి కొడైకెనాల్ కొండ మీద ఇళ్ళు కట్టుకున్నారు. వేసవిలో కొండకు వెళ్ళడం, కొన్ని సంవత్సరాలకొకసారి సెలవు మీద స్వదేశానికి వెళ్ళడం వారికి పద్ధతిగా ఉండేది. అది లేకపోతే మనుషులు నిలవరని వారికి తెలుసు. కానీ మన పల్లెల్లో పనిచేసే పాస్టరుగారికి, బైబిలు స్త్రీకి అలాంటి ఏర్పాటు ఎంతమందికి ఉంది? మీ సంఘంలో ఉందో లేదో ఒకసారి ఆలోచించండి.

సేవలో ఉన్నవారు చేయవలసినవి

1. వారంలో ఒక రోజు విశ్రాంతి దినంగా పెట్టుకోండి. పాస్టరుగారికి ఆదివారం విశ్రాంతి దినం కాదు, అన్నిటికంటే ఎక్కువ పని ఉన్న రోజు. కాబట్టి సోమవారమో ఇంకొక రోజో నిర్ణయించి సంఘంలో ప్రకటించండి. చావు, ప్రమాదం వంటివి తప్ప ఆ రోజు వేరే పని పెట్టుకోవద్దు.

2. రోజుకు ఒక పూటైనా భార్యాపిల్లలతో కూర్చొని భోజనం చేయండి. ఆ అరగంట ఫోను వేరే గదిలో పెట్టండి.

3. రాత్రి పది తర్వాత వచ్చే ఫోన్లకు ఒక పెద్దను ఏర్పాటు చేయండి. నిజంగా అత్యవసరమైతే ఆయనే మీకు చెబుతారు.

4. రాత్రంతా ప్రార్థన ఉన్న మరుసటి రోజు ఉదయం ఏ కార్యక్రమమూ ఒప్పుకోవద్దు. నిద్రలేకుండా బండి నడపవద్దు.

5. రోజుకు అరగంట నడవండి. దగ్గరి ఇళ్ళ దర్శనానికి బండి మానేసి నడిచి వెళ్ళినా సరిపోతుంది.

6. నలభై దాటినవారు సంవత్సరానికి ఒకసారైనా బి.పి., షుగరు, కళ్ళు చూపించుకోండి. షుగరు ఉన్నవారు ప్రతి రాత్రి పాదాలు చూసుకోండి. మందిరంలో చెప్పులు విడిచి గంటలకొద్దీ నిలబడతారు. చిన్న ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా షుగరు ఉన్న పాదానికి నొప్పి తెలియకపోవచ్చు. మన పాస్టరుగారికి జరిగింది అదే.

7. గొంతు బొంగురు మూడు వారాలకు మించి ఉంటే "ప్రసంగాల వల్లే" అని ఊరుకోక డాక్టరుగారికి చూపించండి.

ఉపవాసం గురించి ముఖ్యమైన మాట

షుగరుకు ఇన్సులిన్ గాని, గ్లైమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు డాక్టరుగారిని అడగకుండా ఉపవాసం ఉండవద్దు. మందు వేసుకొని తినకపోతే షుగరు పడిపోతుంది. మందు కూడా మానేస్తే షుగరు పెరిగిపోతుంది. రెండూ ప్రమాదమే.

ఉపవాస కూడికలో ఎవరికైనా చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడ వచ్చి, మాట తడబడితే "ఆత్మ వశులయ్యారు" అనో "నీరసం" అనో అనుకోవద్దు. షుగరు ఉన్న మనిషైతే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల తర్వాత తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక ప్రక్కకు పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

ఆరోగ్యం సహకరించనివారు ఆ పూట భోజనం చేసి ప్రార్థనలో పాల్గొంటే దేవుడు వినడని లేఖనంలో ఎక్కడా లేదు.

ఇంటివారు చేయవలసినవి

"మీరు అసలు ఇంట్లో ఉండరు" అని తగవు పెడితే మాట వినరు. తీరికగా ఉన్నప్పుడు ఒక్క సంగతి చెప్పండి: "ఈ నెలలో మీరు పిల్లలతో ఎన్ని పూటలు తిన్నారో రాసి పెట్టాను, చూడండి" అని. లెక్క చూస్తే మనిషి ఆలోచిస్తారు. ఆసుపత్రికి "వెళ్దాం" అనక, రోజు, సమయం నిర్ణయించి, వెంట మీరే బయలుదేరండి. మందులు సంచిలో పెట్టి ఇవ్వడం కంటే వేసుకున్నారా అని అడగడం ముఖ్యం.

పాస్టరమ్మగార్లకు ఒక మాట. వచ్చినవారందరికీ వంట చేసి, స్త్రీల కూడిక నడిపి, పిల్లలను చదివించి, సంఘం వారి మాటలు పడి, మీరు కూడా సేవలోనే ఉన్నారు. మీ బి.పి. కూడా చూపించుకోండి. మీ బాధ చెప్పుకోవడానికి సంఘం బయట ఒక నమ్మకమైన స్నేహితురాలిని ఉంచుకోండి.

సంఘం వారు చేయవలసినవి

మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ఒక రాయి తెచ్చి ఆయనను కూర్చోబెట్టి, చెరొక ప్రక్క నిలబడి చేతులు పట్టుకున్నారు (నిర్గమకాండము 17). చేతులు దించావేమని నిందించలేదు. సంఘం ఈ పని చేయవచ్చు. గృహ కూడికలు కొన్ని పెద్దలు నడపాలి. రోగుల దర్శనానికి ఇద్దరిద్దరు చొప్పున జట్లు ఏర్పాటు చేసుకోవాలి. సంవత్సరానికి కనీసం రెండు వారాలు పాస్టరుగారికి సెలవు ఇచ్చి, ఆ ఆదివారాలకు ఇంకొకరిని పిలవాలి. ఇంటికి వచ్చినప్పుడు టీలో చక్కెర వేయాలా వద్దా అని అడగండి. స్వీటు బదులు ఒక జామపండు పెట్టండి. ఆయన తినలేదని నొచ్చుకోవద్దు.

ఆసుపత్రిలో ఉన్న మీరు రాత్రి పదకొండింటికి పాస్టరుగారిని రమ్మని ఫోను చేసేముందు ఒక్క క్షణం ఆలోచించండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్పక పిలవండి. లేకపోతే ఉదయం పిలిచినా ప్రార్థన అదే, వినే దేవుడు ఆయనే.

మంచం పక్కన కూర్చున్న మీకు

రోగికి సేవ చేసే బంధువులకు కూడా ఇవే వర్తిస్తాయి. ఒక్కరే రాత్రింబవళ్ళు ఉండవద్దు. ఇంట్లోవారు, అన్నదమ్ములు, ఆడపడుచులు వంతులు వేసుకోండి. మీ బి.పి., షుగరు మాత్రలు మీ సంచిలో తెచ్చుకోండి. వార్డులో రోగులకు అన్నం పెట్టి తాము తినకుండా కళ్ళు తిరిగి పడిపోయిన తల్లులను మేము చూశాము. పూటకు భోజనం చేయండి. పక్క మంచం వారికి చెప్పి కాసేపు పడుకోండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

ఛాతీలో బరువు, నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి రండి. షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం మాత్రమే రావచ్చు. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడడం పక్షవాతపు గుర్తులు. మొదటి నాలుగున్నర గంటలలోపు చేరితేనే కొందరికి రక్తపు గడ్డ కరిగించే మందు ఇవ్వగలరు. "కూడిక అయ్యాక" అనవద్దు.

రెండు వారాలకు మించి దిగులు, ఏడుపు, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి పోవడం ఉంటే అది బర్నౌట్ మాత్రమే కాక మానసిక కుంగుబాటు కావచ్చు. దానికి మందులు, వైద్యం ఉన్నాయి. విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. చచ్చిపోవాలనే మాట నోటి వెంట వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కి పగలైనా రాత్రియైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేయండి, ఫోను కూడా చేయండి.

చివరిగా

ఆ పాస్టరుగారు ఆ ఆదివారానికి ఇంటికి వెళ్ళలేదు. మూడు ఆదివారాలు మా దగ్గరే ఉన్నారు. మొదటి ఆదివారం చాలా బాధపడ్డారు. రెండో ఆదివారం సంఘ పెద్దలు వచ్చి, ఆరాధన జరిగిందని, ఒక పడుచు కుర్రవాడు వాక్యం చెప్పాడని చెప్పారు. మూడో ఆదివారం ఆయన కూతురు వచ్చి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచం మీద కూర్చొని ఆయనతో కబుర్లు చెప్పింది. ఆ సాయంత్రం నేను కట్టు మార్చడానికి వెళితే, "ఈ పిల్లకు ఇన్ని మాటలు వచ్చని నాకు తెలియదమ్మా" అన్నారు. ఇప్పుడు ఆయన మెత్తని చెప్పులు వేసుకొని ప్రతి నెలా షుగరు చూపించుకోవడానికి వస్తారు. సోమవారమే వస్తారు, అది ఆయన విశ్రాంతి దినం. పాస్టరమ్మగారు కూడా ఓ.పి.లో బి.పి. చూపించుకొని వెళ్తారు.

రెండు వేళ్ళు పోయాక నేర్చుకున్నది మీరు ముందే నేర్చుకోవాలని నా ప్రార్థన. మీ రోగికి త్వరగా స్వస్థత కలుగును గాక. ఈ రాత్రి మీరు కూడా కొంచెంసేపు నిద్రపోండి. వార్డులో మేము మెలకువగానే ఉంటాము.